మిద్దె మీద ఉలవ చేను

“ఎవలన్న మిద్దె మీద కల్లం మట్టి పోస్తరానే? చౌడు పోస్తరు గని!”

“పోస్తే ఏమైంది? మట్టి మట్టే గద. చౌడు బండికి కిరాయి ఎవలిస్తరు, నీ దేవుడిస్తడా?”

“దేవున్ని ఎందుకే నడుమల తెస్తవు? మిద్దె మీద ఉలవ మొలిసింది. ఉలవ! కచేరీల అందరు అడుగుతుండ్రు, ఈ యేడు నీ మిద్దెకు శిస్తు ఎంత కడుతున్నవని.”

“మొలిస్తే పీకాలె. ఎక్కి పీకుతవా? పీకవు. దేవుడున్నడు అంటవు. ఉన్నడు, నేనేం కాదంటలేను. మట్టి మొయ్యనీకె, ఉలవ పీకనీకె మాత్రం నేనే ఉన్న.”

“అగో, గందుకే నీకు రోజు నెత్తి నొస్తది. దేవుడున్నడే అంటే గా మాటల తప్పేముందే?”

ఇది ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయనకూ నాకూ మా వంటింట్లో జరిగిన తగువులో సగం. మిగిలిన సగం మేం ఎన్నడూ పూర్తి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో చెప్పడానికే కూర్చున్నాను. నేను చదివింది మూడు జమాతులు. నాలుగోదానికి బడి దూరమని మా నాయన మాన్పించాడు. కనుక ఎక్కడైనా మాట వంకరపోతే చదివేవాళ్ళే సరిచేసుకోవాలి. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు రాస్తున్నాను. తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నాకు చేతకాదు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ అయి కొన్నేళ్ళే. మా ఆయనకు తాలూకా కచేరీలో గుమాస్తా పని. మా ఇల్లు మెదకు ఖిల్లా గుట్టను ఆనుకుని ఉండేది. ముందువైపు నుంచి చూస్తే అందరి ఇళ్ళలాగే ఉంటుంది. వెనకకు పోతే గుట్ట పైకి లేస్తూ వచ్చి సరిగ్గా మా మిద్దె అంచుకు తగులుతుంది. వెనకవైపు గోడ కనిపించదు. గుట్ట మీద నడుస్తూ నడుస్తూ ఎవరైనా మా ఇంటి మీదికి వచ్చేయొచ్చు, తమకే తెలియకుండా. మేకలు వచ్చేవి. ఒకసారి దారి తప్పిన ఒక ముసలాయన కూడా వచ్చి, కింద పొగ గొట్టంలోంచి నా గొంతు విని దడుచుకున్నాడు.

మట్టి మిద్దెలు ఇప్పటి పిల్లలకు తెలియవు. దూలాలు, వాటి మీద అడ్డంగా కట్టె పేళ్ళు, వాటి మీద తాటాకు, ఆ పైన జానెడు మందాన మట్టి. ఏటా వానలకు ముందు పైన ఒక పొర చౌడు మట్టి పోసి తొక్కాలి. చౌడులో గడ్డిపోచ మొలవదు, నీటిచుక్క దిగదు. అందుకే చౌడు. కానీ అది ఊరి బయట ఎక్కడో దొరుకుతుంది. బండి కట్టించుకుని తేవాలి. ఆ యేడు మా దూరపు చుట్టాల కల్లంలో మట్టి కుప్పగా తోసి ఉండటం చూశాను. నల్లగా, మెత్తగా, నలిగి నలిగి ఉంది. ఎవరికీ అక్కర్లేని మట్టి. “తీస్కపో అక్కా, మాకు జాగ దొరుకుతది” అన్నారు వాళ్ళు. నేనూ మా పెద్దబిడ్డా ఏడు రోజులు గంపలతో మోశాం. నా తెలివికి నేనే మురిసిపోయాను. కల్లంలో ఉలవలు కొట్టారనీ, రాలిన గింజలు ఆ మట్టిలో ఉంటాయనీ పదేళ్ళ పిల్లకైనా తడుతుంది. నాకు తట్టలేదు. ముఫత్‌గా వచ్చేదాన్ని చూస్తే నా కళ్ళు ఆ రోజుల్లో అలా మూసుకుపోయేవి.

రెండు వానలు పడ్డాయి. మిద్దె పచ్చబడింది. మూడో వానకు తీగలు సాగాయి. కచేరీకి పోయే దారిలోంచి చూస్తే మా ఇల్లు తలకు ఆకుపచ్చ రుమాలు చుట్టుకున్నట్టు కనిపించేది. ఊరంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు.

ఇక బర్రె సంగతి. మాకు ఒకే ఒక బర్రె ఉండేది. నేను కాపురానికి వచ్చిన రెండో యేట మా నాయన దాన్ని దుడ్డెగా ఉన్నప్పుడు అల్లాదుర్గు నుంచి నడిపించుకుని తెచ్చి, మా గుమ్మం ముందు తాడు నా చేతికిచ్చి, మంచినీళ్ళు తాగి, అదే కాళ్ళతో వెనక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆయన మా ఇంటికి రాలేదు. ఆ తరువాతి యేడే పోయాడు. కాబట్టి ఆ బర్రె ఉత్త బర్రె కాదు. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. బర్రెతో అసలే అనలేదు. దాన్ని పొద్దున లేస్తే తిట్టేదాన్ని. తాడు నమిలిందని, కుడితి ఒలకబోసిందని, పేడ తొక్కిందని.

ఆ ఆదివారం నాటికి అది నిండు సూడి. ఈనడం ఇవాళో రేపో అన్నట్టుంది. అంతకు ముందు ఈత దూడ పోయింది కనుక ఈ దూడ మీదే నా ప్రాణం. సూడి బర్రెకు ఉలవలు ఉడకబెట్టి పెట్టాలి. పెట్టేదాన్ని. గుప్పెడు. మా అత్త చూసి “రెండు గుప్పిళ్ళు ఎయ్యవే, దానికీ కడుపే గద” అనేది. నేను గుప్పెడే వేసేదాన్ని. దాన్ని కట్టే తాడు కూడా కొత్తది కొనలేదు. తెగినచోటల్లా ముడి వేసి వాడాను. ఐదు ముడులు. నాకు లెక్క గుర్తుంది.

ఆ తగువు నడుస్తుండగా వంటింట్లో మేం ముగ్గురం ఉన్నాం. పిల్లలు చర్చి వైపు ఆడుకోవడానికి పోయారు. మా అత్త పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు కొడుతోంది. తూర్పు గోడలో దేవుని గూడు, అందులో దీపం. మా ఆయన గూటి పక్కన పీట మీద కూర్చుని, దేవుడున్నడే అంటే తప్పేముందే అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచాను.

పైన దబ్బుమని చప్పుడైంది. దుమ్ము రాలింది. మట్టిపెళ్ళ ఒకటి సరిగ్గా దీపం మీద పడింది. ఆ వెనక కటకటమని పేళ్ళు విరిగాయి. చూస్తుండగానే పైకప్పులోంచి ఒక నల్లటి గిట్ట దిగింది. గిట్ట వెనక కాలు. మోకాలి దాకా, ఆ పైన ఇంకో జానెడు. దిగి, ఆగి, మా అందరి నడుమ గాలిలో ఈత కొట్టినట్టు ఆడింది.

మా అత్త తలెత్తి చూసింది.

“ఓ కోడలా, బర్రె దిగుతుంది” అంది. అని, రొట్టె పెనాన్ని మూరెడు పక్కకు జరిపి, చేతిలో ఉన్న రొట్టెను కొట్టడం మొదలుపెట్టింది.

నేను వేసిన కేకకు గుట్ట మీది కోతులు కూడా అరిచాయట. తరువాత మా పక్కింటాయన చెప్పాడు. మా ఆయన మాత్రం లేచి, దీపం మీది మట్టి ఊది, ఒత్తి సరిచేసి, పొయ్యిలోంచి నిప్పు అందుకుని దీపం మళ్ళీ వెలిగించి చేతులు జోడించాడు.

“కాలు దిక్కు సూడు! దీపం దిక్కు కాదు!” అన్నాను.

“సూసిన. కాలే గద. బర్రె పైన్నే ఉన్నది. బర్రె కిందికొచ్చి కాలు పైన ఉంటే పరేషాన్ గావాలె.”

ఆ మనిషిని ఏమనాలో నాకు నలభై యేళ్ళ తరువాత కూడా తెలియదు. నేను బయటికి ఉరికి, ఇంటి పక్క నుంచి గుట్ట ఎక్కి వెనక్కి చేరాను. బర్రెను కట్టే కొయ్యకు తెగిన తాడు ముక్క వేలాడుతోంది, ఆరో ముడి వేయడానికి పనికొచ్చేంత. మా బర్రె మిద్దె నడుమ ఉలవ తీగల్లో ఉంది. కుడి ముంగాలు మిద్దెలోకి దిగిపోయింది. ఎడమ ముంగాలు మడుచుకుంది. వెనక కాళ్ళ మీద బరువు మోస్తోంది. అంత కడుపు మిద్దె మట్టికి ఆనుతోంది. నన్ను చూడగానే కన్ను తెల్లగా తిప్పి ఒక్క గుంజు గుంజింది. మిద్దె మొత్తం మూలిగింది. నోట్లో మాత్రం ఉలవ తీగ ఉంది. దాన్ని వదల్లేదు.

కాలు విరిగితే పశువు లేవదు. లేవని పశువు ఈనదు. నాకు తెలిసిన సంగతి అదొక్కటే. ఏడు రోజులు నా నెత్తిన నేనే మోసుకొచ్చిన మట్టి కదా అది.

పక్కింటాయన బండ్లు చేసే మిస్త్రీ. సాయిబు. ఆదివారం కనుక ఇంట్లోనే ఉన్నాడు. నా కేకకే లేచి రంపం పట్టుకుని వచ్చాడు. నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాను. వంటింట్లోకి వచ్చి, కాలి చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి పైకి చూశాడు. మా అత్తకు “సలాం అమ్మా” అన్నాడు. “కూసో బిడ్డా, రొట్టె తింటవా?” అంది మా అత్త.

“దూలం పక్కా ఉన్నది అక్కా. టేకు. మిద్దె కూలదు” అన్నాడు మిస్త్రీ. “కని ఈ పేళ్ళు సూడుండ్రి. కిందికి మొనలు దేలి విరిగినయ్. కాలు దిగేటప్పుడు దారిచ్చినయ్, ఎక్కేటప్పుడు ఇయ్యవు. పైకి గుంజితే తోలు మొత్తం ఒలుస్తది. నేను ఒక్కొక్క పేడు కోస్త. కని కాలు కదలొద్దు. కదిలిందంటే రంపం కాలికే.”

“కదలకుండ ఎట్లుంటది సాయిబూ? అది బర్రె!”

“అల్లా మీద భరోసా పెట్టుండ్రి. ఇంక కాలు పట్టుకునేటోళ్ళు ఒకలు గావాలె.”

పై నుంచి మా ఆయన గొంతు ఆ బొక్కలోంచి దిగింది. ఆయన ఎప్పుడు ఎక్కాడో నేను చూడలేదు. “మిస్త్రీ ఏమంటుండే?”

“అల్లా మీద భరోసా పెట్టమంటుండు!”

“నేను జెప్పిందే గద!”

మిస్త్రీ మా వంటింటి తలుపు రెక్కను అది తిరిగే బొడ్డు గుంటలోంచి ఎత్తి తీశాడు. వాళ్ళిద్దరూ దాన్ని గుట్ట మీదుగా పైకి మోసుకెళ్ళి బర్రె కడుపు కింద పక్కనుంచి దూర్చారు, దాని బరువంతా మట్టి మీద పడకుండా. మా ఆయన దాని తల దగ్గర కూర్చున్నాడు. మిస్త్రీ దిగివచ్చి, కాలికి గోనెపట్టా చుట్టి, పీట మీద ఎక్కాడు. నన్ను రోలు మీద ఎక్కించాడు. నేను గిట్టను నా భుజం మీద పెట్టుకుని రెండు చేతులా కాలును కావలించుకున్నాను. పేడవాసన, ఉలవాకు వాసన. లోపల నరం కొట్టుకోవడం నా చెంపకు తెలుస్తోంది.

మా ఆయన పై నుంచి అన్నాడు: “జర మంచిగ మాట్లాడు దానితోని. బయపడ్డది.”

నేను నా బతుకులో మొదటిసారి ఆ బర్రెతో మంచిగా మాట్లాడాను. “నా తల్లి, నా బంగారం, కదలకు బిడ్డా, ఏం గాదు…”

అది ఉలిక్కిపడింది. కాలు నా భుజాన్ని తన్ని, మిస్త్రీ చెవిని రాసుకుంటూ పోయి, మసాలా డబ్బాల గూటిని కొట్టింది. పసుపు మా ఇద్దరి మీదా పడింది. పైన మా ఆయన “అరె అరె అరె” అంటూ దాని కొమ్ములు పట్టుకున్నట్టున్నాడు.

“ఇంకా జర మెల్లగ జెప్పు!”

“అమ్మా, నా లచ్చిమి…” అన్నాను ఇంకా తీయగా. అది ఇంకా గట్టిగా తన్నింది.

మిస్త్రీ రంపం దించాడు. ముఖం మీది పసుపు తుడుచుకుంటూ నన్ను అడిగాడు: “అక్కా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. రోజు దానితోని గిట్లనే మాట్లాడుతరా?”

నేను జవాబు చెప్పేలోగా మా అత్త పొయ్యి దగ్గర నుంచి అంది: “ఏ పొద్దు మాట్లాడింది బిడ్డా? తెల్లారితే తిట్లే. బర్రెను, నా కొడుకును ఒక్కతీరుగనే తిడుతది.”

“అయితే గా బర్రె ఎర్కలేని మనిషిని జూసినట్టు బయపడుతుంది” అన్నాడు మిస్త్రీ. “తిట్టుండ్రి అక్కా. రోజు తిట్టినట్టే తిట్టుండ్రి.”

భుజం మీద గిట్ట, నెత్తిన పసుపు, ఎదురుగా పరాయి మనిషి. ఏమని తిట్టాలి? అడిగితే తిట్లు రావు. అవి వాటంతట అవి రావాలి. అప్పుడు చూశాను, పై బొక్కలోంచి ఒక ఉలవ తీగ వేలాడుతూ మెల్లగా పైకి పోతోంది. ఎవరు లాగుతున్నారా అని చూస్తే, ఇంకెవరు, అది నములుతోంది!

“నీ జిమ్మడ! నీ నోట్ల మన్ను వడ! ఇంక తింటున్నవా ముదనష్టపుదానా? నీకేం తక్కువ జేసిన? గడ్డి తక్కువైందా, కుడితి తక్కువైందా? గుప్పెడు ఉలవలు సాలక ఇల్లెక్కినవా? ఇల్లు నీ అయ్య గట్టిండా?”

కాలు ఆగిపోయింది.

అబద్ధం కాదు. వణుకుతున్నది వణుకు మానింది. గిట్ట నా భుజం మీద బరువుగా, ఇంట్లో పెద్దమనిషి చెయ్యి వేసినట్టు, ఆనింది. మిస్త్రీ గబగబా రంపం ఎత్తి మొదటి పేడుకు పెట్టాడు.

“ఆపకుండ్రి అక్కా.”

ఆపలేదు. తాడు నమిలిన రోజు నుంచి మొదలుపెట్టాను. కుండ పగలగొట్టిన రోజు, పక్కవాళ్ళ పందిరి కాకర తీగ మేసిన రోజు, నన్ను బురదలో పడేసిన రోజు, అన్నీ వరసగా తీశాను. రంపం రుయ్యిరుయ్యిమంటోంది. ఒక పేడు తెగింది. నా కోపం మెల్లగా దారి మళ్ళి మా ఆయన మీదికి పోయింది. “పైన కూసున్నోళ్ళకేం, దేవుడున్నడు అంటరు, కింద భుజం ఇరిగేది ఎవలికి?” పై నుంచి “నన్ను గాదు, దాన్ని తిట్టు!” అని వినిపించింది. “రెండూ ఒక్కటే!” అన్నాను. రెండో పేడు తెగింది.

ఆ తరువాత తిట్లు దేవుని గూటి దాకా వచ్చాయి. గూడు నా ముక్కుకు ఎదురుగా ఉంది. దీపం వెలుగుతోంది. “నువ్వు సూస్తనే ఉన్నవు. మట్టి మోస్తుంటే సూసినవు. ముడి మీద ముడి ఏస్తుంటే సూసినవు. ఒక్క మాట జెప్పినవా? నేనే తప్పు జేసిన, సరే. నాకు సిగ్గైంది, సరే. గిప్పుడు నా రెండు చేతులూ గీ కాలికే సరిపోయినయ్. ఇంకో పని జెయ్యనీకె నాకు చెయ్యి లేదు. ఇంక నువ్వే జూస్కో. మా నాయన తోలుకొచ్చిన బర్రె, నీకెర్కే.”

అది దండకం కాదు, మొక్కు కాదు. తిడుతున్న గొంతుతోనే అన్నాను. కానీ అనేశాక ఒక చిత్రం జరిగింది. ఎన్నో యేళ్ళుగా నెత్తిన మోస్తున్న గంపను ఎవరో వెనక నుంచి వచ్చి దించినట్టయింది. మిద్దె, వాన, దూడ, చౌడు, తాడు, ఏదీ ఆ క్షణం నా పని కాదు. నా పని కాలు పట్టుకుని తిట్టడం. అంతే. రోలు మీద నిలబడ్డ నాకు ఉయ్యాల మీద ఉన్నట్టు అనిపించింది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది.

ముందు కడుపులో మొదలైంది. ఆపుకున్నాను. మిస్త్రీ వైపు చూస్తే, ఆయన గడ్డం పసుపు పచ్చగా ఉంది, పెదవులు బిగబట్టి ఉన్నాడు, రంపం వణుకుతోంది. “నవ్వకు సాయిబూ, రంపం పక్కకు పోతది” అన్నాను. “మీరు నవ్వకుండ్రి, నేను నవ్వ” అన్నాడు. అంతే, ఇద్దరం ఒక్కసారే పగలబడి నవ్వాం. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కుకున్నా ఆగక “బర్రె దిగుతుంది” అని తన మాట తనే చెప్పుకుని పొయ్యి ముందు ఒక పక్కకు ఒరిగి నవ్వింది. ఒంటి పన్ను కనబడింది. పెళ్ళై వచ్చిన పన్నెండేళ్ళలో ఆమె అలా నవ్వడం చూడలేదు. పై నుంచి మా ఆయన బొక్కలో ముఖం పెట్టి, “ఏమైందే, ఎందుకు నవ్వుతుండ్రు, కాలు ఒచ్చిందా?” అని అడుగుతుంటే ఆయన మీసం నిండా దుమ్ము. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఒళ్ళంతా ఊగుతోంది. కాలు మాత్రం కదల్లేదు. నవ్వు నడుమ ఊపిరి దొరికినప్పుడల్లా “నీ జిమ్మడ” అంటూనే ఉన్నాను. అది చాలింది దానికి.

చర్చి గంట కొట్టేవేళకు చివరి పేడు తెగింది. మా అత్త లేచి ఆముదం సీసా తెచ్చింది. ఏడాదికని దాచిన సీసా. కాలి పొడుగునా పోయసాగింది. “సాలు సాలు అత్తా, సగం ఉండనియ్యి” అన్నాను ఆ స్థితిలో కూడా. ఆమె నా వైపు చూస్తూ సీసా బోర్లించింది. మిస్త్రీ గిట్టను మడిచి పైకి నెట్టాడు, నేను మోకాలు నెట్టాను, పైన మా ఆయన “ఓం” అని లాగాడు. ఆ ఓం ఎక్కడ నేర్చాడో తెలియదు. కాలు సబ్బుముక్కలా జారి పైకి పోయింది. కప్పులో గిన్నె వెడల్పు ఆకాశం మిగిలింది.

నేను కొంగు సర్దుకోకుండానే గుట్ట ఎక్కాను. బర్రె లేచి నిలబడింది. కాలు నేల మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. బరువు వేసింది. మోకాలి దగ్గర తోలు కొంచెం లేచింది, అంతే. అది మెల్లగా నాలుగడుగులు వేసి, మిద్దె వెనక అంచుకు పోయి, సగం గుట్ట, సగం మిద్దె ఉన్నచోట పడుకుంది. తోలినా లేవలేదు. నేను కిందికి పోయి పిలిస్తే, మా అత్త ఒక చేత్తో నా భుజం పట్టుకుని అక్కడిదాకా ఎక్కివచ్చి, దాని తోక పక్క గుంటలు వేలితో నొక్కి చూసింది. ఈనే వేళకు అవి మెత్తబడి లోతు పడతాయి.

“కదిలియ్యకుండ్రి. దానికి గా జాగనే నచ్చింది” అంది.

“మిద్దె మీదనా అత్తా?”

“నువ్వు చేను ఏసినవు. అది చేనుకు ఒచ్చింది.”

ఆ సాయంత్రం అందరం అదే వంటింట్లో కూర్చుని రొట్టెలు తిన్నాం. మిస్త్రీ కూడా తిన్నాడు. రొట్టెల్లో మట్టి కరకరలాడింది. ఎవరూ ఏమీ అనలేదు. అంటే మళ్ళీ నవ్వు మొదలవుతుందని అందరికీ భయం. పిల్లలు వచ్చి కప్పు వైపూ, తలుపు లేని గుమ్మం వైపూ, పసుపు పట్టిన మా ముఖాల వైపూ చూసి, ఏమైందని అడిగారు. మా పెద్దబిడ్డకు మా ఆయనే చెప్పాడు: “మీ అమ్మ దేవునితోని మాట్లాడింది బిడ్డా. దేవుడు బయపడి మాట ఇన్నడు.” నేను ఆయన వైపు కోపంగా చూద్దామనుకున్నాను. చూడలేకపోయాను. మబ్బు పట్టింది, మిద్దెకు బొక్క ఉంది, తలుపు బర్రె దగ్గర ఉంది. ఆ రాత్రి నేను ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయాను. వాన కూడా పడలేదు.

మర్నాడు పొద్దున నేను వెనక్కి వెళ్ళేసరికి బర్రె ఈనింది. ఆడ దుడ్డె. ఇంకా తడిగా ఉంది. నాలుగు కాళ్ళ మీద నిలబడటానికి చూస్తూ పడుతోంది, మెడకు ఒక ఉలవ తీగ చుట్టుకుని ఉంది. మిస్త్రీ వచ్చి దుడ్డెను భుజాన వేసుకుని కిందికి దించాడు. బర్రె అక్కడే నిలబడి అరిచింది. నేను తిట్టాను. అది కుంటుతూ నా వెనక దిగింది. మా అత్త మొదటి పాలు పిండించి ఒక చెంబెడు మిస్త్రీ ఇంటికి పంపింది. నేను ఉలవలు ఉడకబెట్టాను, రెండు గుప్పిళ్ళు. మా ఆయన కచేరీకి ఆలస్యంగా వస్తానని కబురు పంపి, పంచె ఎగగట్టి, మిద్దె ఎక్కి ఉలవ పీకడం మొదలుపెట్టాడు. నేను కింద నిలబడి ఒక్కొక్క కట్ట అందుకుని బర్రె ముందు వేశాను.